అంచులు కోయనన్న మాట

ఆఫీసులో అందరూ ఆయన్ని జిగురాయన అనేవారు. ఇరవై రెండేళ్ళు రికార్డు గదిలో గుమాస్తా. చిరిగిన ఫైలు కనబడితే చాలు, భోజనం మానేసి దాన్ని కుట్టుకుంటూ కూర్చునేవాడు. "ఈయనకి జీతం ఒక పనికి, ప్రాణం ఒక పనికి" అని హెడ్ క్లర్కు ఎగతాళి చేసేవాడు.

పేగుల్లో కాన్సరు వచ్చి, ఎనిమిది నెలలు మందులతో కొట్టుకుని బయటపడ్డాక ఆ ఉద్యోగానికి తిరిగి వెళ్ళలేదు. వీధి గదిలో మంచం తీయించి బల్ల వేయించాడు. అట్టలు, దారం, సూదులు, జిగురు గిన్నె, ఎవరో అమ్మేస్తే కొన్న కటింగ్ మిషను. గుమ్మం మీద బైండింగ్ షాపని బోర్డు. పొద్దున కిటికీ తెరిస్తే కాగితాల మీద వెలుతురు పాలలా ఒలికేది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆయన రోగి కాదు.

ఒక్కటే అబద్ధం. మందుల వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. చన్నీళ్ళో వేన్నీళ్ళో తెలియదు. భార్య అడిగినప్పుడల్లా "ఆఁ, స్పర్శ వచ్చేసింది" అనేవాడు. రాలేదంటే సూది ముట్టుకోనివ్వదని భయం. వేళ్ళు చెప్పాల్సింది కళ్ళను అడిగి కుట్టడం నేర్చుకున్నాడు.

పక్క వీధిలో నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన టైలరమ్మ పోయాక, ఆవిడ కూతురు ఒక లావుపాటి కొలతల పుస్తకం పట్టుకొచ్చింది.

"కుట్లన్నీ ఊడిపోయాయి బాబాయ్ గారూ. కొత్త అట్ట వెయ్యండి. అంచులు మాత్రం కోయకండి. అమ్మ అక్కడ కూడా రాసుకుంది."

"కోయనమ్మా. మాటిస్తున్నా."

పుస్తకం నిండా చుట్టుకొలతలు, పొడవులు. అంచుల్లో మాత్రం, చీమల బారులాంటి రాతలో, మనుషులు. 'ఎడమ భుజం కిందికి ఉంది. చెప్పొద్దు, బాధపడుతుంది. లోపల గుడ్డ పెట్టాలి.' 'ఈసారి బాగా చిక్కాడు. అడగలేదు. పాత కొలతే అన్నాను.' కుడుతూ చదువుతూ, చదువుతూ కుడుతూ, ఆయన తనలో తను నవ్వుకునేవాడు.

మూడో రోజు అలా చదువుతుండగా కళ్ళు సూదిని వదిలేశాయి. అది వేల్లోకి దిగింది. తెలియలేదు. అదే వేలితో కాగితాలు సర్దాడు, అంచులు పట్టి సమంగా తట్టాడు. చూసేసరికి పన్నెండు పేజీల అంచున ఎర్రటి ముద్రలు.

ఆస్పత్రిలో పక్క తడిపిన రోజు కూడా అంత సిగ్గుపడలేదు.

"కాఫీ పెట్టనా?" భార్య వంటింట్లోంచి అడిగింది.

"ఇటు రాకు! జిగురు ఆరుతోంది!" అని అరిచాడు.

అంచు మురికైతే బైండింగు పనివాడికి చెయ్యి దానంతట అదే కటింగ్ మిషను వైపు వెళుతుంది. పన్నెండు పేజీలే పొట్టివైతే పట్టుబడతానని పుస్తకం మొత్తం పెట్టాడు. అరవేలి వెడల్పు. అక్కడ రాత ఉందని చూశాడు. చూసే కోశాడు. సన్నటి కాగితపు పేలికలు నేల మీద రాలాయి. ఒకదాని మీద 'చెప్పొద్దు' అన్న మాట ఒక్కటీ మిగిలి, ఆయన వంకే చూస్తోంది.

మర్నాడు టైలరమ్మ కూతురు వచ్చింది. పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

"ఎంత బాగుందో! అమ్మ చూస్తే, దీనికి కొత్త చొక్కా తొడిగారే అనేది."

"చచ్చి బతికొచ్చినా ఆయన చెయ్యి మాత్రం చెక్కు చెదరలేదు" అని గుమ్మంలో నిలబడ్డ భార్య మురిసిపోయింది.

కూతురు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడ ఇంకేదో ఉండాలే. వేరే పేజీలోనేమో."

ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఆ మాట మీదే వెళ్ళిపోయేది.

"వేరే పేజీ కాదమ్మా" అన్నాడు. "నేనే కోసేశాను. నా వేళ్ళకి స్పర్శ లేదు. సూది గుచ్చుకున్నా తెలియలేదు. రక్తం అంటింది. నువ్వు చూస్తావని కోశాను. రాత ఉందని తెలిసే కోశాను."

"రక్తం కోసమా?" ఆమె గబగబా పేజీలు తిప్పి, అక్కడక్కడా ఉన్న గోధుమరంగు చుక్కలు చూపించింది. "ఇవేంటనుకున్నారు?"

"టీ మరకలనుకున్నా."

"అమ్మవి. సూది గుచ్చుకున్నప్పుడల్లా ఇందులోనే తుడుచుకునేది. మీ మరక ఉంటే ఉండేది బాబాయ్ గారూ. ఆ మాటలు నాకెక్కడ దొరుకుతాయి ఇంక?"

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. భార్య ఒక్క మాటే అంది: "స్పర్శ వచ్చేసిందని నాతో అన్నారే."

ఆయన నేల మీంచి ఏరి దాచిన పేలికల సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. కూతురు చేతిసంచీ పక్కన పెట్టి స్టూలు లాక్కుంది.

"అతికించండి. ఇవాళంతా ఇక్కడే కూర్చుంటా."

మొదటి పేలిక బల్లకు అతుక్కుపోయినట్టుంది. గోటితో ఎత్తబోయాడు. జారింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ జారింది. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. అప్పుడు భార్య చెయ్యి వచ్చి, దాన్ని తీసి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. అది అక్కడ ఉన్నట్టు ఆయనకు తెలియలేదు. చూసి తెలుసుకున్నాడు. తల ఎత్తకుండానే, అది ఏ పేజీదో వెతకడం మొదలుపెట్టాడు.