వేపాకు ముద్ద

హైదరాబాదులో కాలేజీ చదువు ముగియగానే పెళ్లయి సిద్దిపేట వచ్చాను. మా వారి ఉద్యోగం వరంగల్లులో. ఈ ఇంట్లో రోజంతా నాతో కబుర్లు చెప్పేది ఈ ఊరి అలవాటున నన్ను 'అవ్వా' అని పిలిచే, రెండేళ్లు దాటిన నా కూతురు సీత ఒక్కతే. అది పాలు తప్ప అన్నం ముట్టక చిక్కిపోతుంటే నాకు దిగులు పట్టుకుంది.

"ఇంకెన్నాళ్లు పాలిస్తవ్ బిడ్డా? గంత సదువుకున్నవ్, గిది తెల్వదా?" అంటూ అత్తగారు వేపాకు నూరి ముద్ద నా చేతిలో పెట్టారు. "రొమ్ముకు పూస్కో. చేదుకు అదే మానుతది."

పూసుకున్నాను. ఇక నా దగ్గరికే రాదేమోనని భయపడుతూనే సీతను ఒళ్లోకి తీసుకున్నాను. అది పైట తొలగించి, ఆ పచ్చటి ముద్దను చూసి ఆగిపోయింది. కిందటి వారం దాని మోకాలు చెక్కుకుపోతే ఇదే ముద్ద పెట్టి కట్టు కట్టాను.

"అవ్వా, దెబ్బ తాకిందా?"

సీత నా రొమ్ము మీద "ఉఫ్" అని ఊది, పైట కప్పి, నాయనమ్మ దగ్గరికి పోయింది.

"బాపమ్మా, అవ్వకు నొప్పి. నాకు బువ్వ పెట్టు."

"సూసినవా, ఎంత అల్కగ మానిందో!" అని అత్తగారు సంబరపడ్డారు.

నాకు నొప్పి పెడుతుందని సీత ఇప్పుడు బాపమ్మ పక్కలోనే పడుకుంటోంది. అన్నం తింటోంది, ఒళ్లు చేస్తోంది. నేను కోరుకున్నదీ అదే. పాలు చేపి రవిక తడిసినప్పుడు మాత్రం, దెబ్బ మానిందని దానికి చెప్పాలనిపిస్తుంది. చెప్తే మళ్లీ అడుగుతుందని ఊరుకుంటున్నాను.