రికార్డు అట్ట మీద నేను చదివిన ఉత్తరం

గత నెల మూడో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, మలేసియాలో, కువాలా సెలంగోర్‌లోని మా తమ్ముడి ఇంటి ముందుగదిలో నేను సిగ్గుపడ్డాను. గంటతో సహా ఎలా గుర్తుందంటే, ఎవరి మొహమూ చూడలేక గోడ గడియారం కేసే చూస్తూ కూర్చున్నాను కనుక.

తమ్ముడి మనవరాలు బడిలో ఆటల రోజు కోసం ఒక పాత ఇంగ్లీషు పాటకి డాన్సు నేర్చుకుంటోంది. ఫోనులో ఆ డోళ్ళూ చప్పట్లూ మొదలవగానే నేను గుర్తుపట్టాను. పాట పేరు రాయను. మన రోజుల్లో చీనావాళ్ళ కాఫీ కొట్లో పాటల పెట్టెకి కాసు మేపినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. తమ్ముడు పెదవి కదపలేదు గాని కుర్చీ కింద అతని కాలు మాత్రం తాళం వేస్తోంది. అది చూసి పిల్ల తాత పెట్టె వెతికి, అతుకులు వేసిన ఒక అట్ట పట్టుకొచ్చింది.

“పెద్దమామ్మా, ఈ పాటదే! ఎనకాల తెలుగులా ఉంది, ఏటి రాసుందో సదువు. తాత సెప్పడు, మా ఇంట్లో ఇంకెవులికీ రాదు.”

“వద్దమ్మా, ఇటిచ్చీ” అని తమ్ముడు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై మూడో ఏట, ఆదివారం తరగతిలో, ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని. అంతకు నలభై ఏళ్ళ ముందే ఇదే అట్ట నేను పదిమందికీ చదివి వినిపించాను. చెప్పవలసింది ఆ సంగతే.

అప్పుడు మేం సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో ఉండేవాళ్ళం. తోటలో ఒంటిగది తెలుగు బడికి తమ్ముడు వెళ్ళేవాడు, నేను చంటిపిల్లల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండేదాన్ని. ఆ కడుపుమంటతోనే తమ్ముడి పుస్తకాలు చూసి నాకూ చదువు వచ్చేసిందని అందరికీ చెప్పుకున్నాను, అందరూ నమ్మారు. తమ్ముడికి ఇరవై ఏళ్ళప్పుడు, జార్జ్ టౌన్ రేవులో పనిచేసే మా బావ ఆ పాట రికార్డు తెచ్చి ఇచ్చాడు. చిన్న పళ్ళెమంత, పక్కకి ఒక్క పాట. వెండి పంట్లాలు, జానెడు మడమల చెప్పులు, బుగ్గల మీద తళుకులు వేసుకునే తెల్లవాళ్ళు పాడిన పాట అది. పెట్టుకుని వినడానికి మిషను కిరాణీగారింట్లోనే ఉండేది, కిరాణీ అంటే మన తోట గుమాస్తా. ఆయన మెట్ల మీద కూర్చుని తమ్ముడు ఆదివారం పొద్దంతా అదొక్కటే వినేవాడు. తోట వర్క్‌షాపులో తనతో పనిచేసే స్నేహితులు ముగ్గురు బిస్కెట్ డబ్బాలు కొడితే తను పాడేటట్టు, ఉగాది సాయంత్రం తోట జనం ముందు వేదిక ఎక్కేటట్టు అనుకున్నారు.

ఉగాది పొద్దున్న ఇల్లు ఊడుస్తుంటే తమ్ముడి చాప కింద అట్ట దొరికింది. బొమ్మలో కళ్ళకి నీలం, మూతికి ఎరుపు, భుజాల దాకా ఉంగరాల జుట్టు. వెనకంతా సిరాతో రాత. ఎవత్తో ఆడది బొమ్మతో పాటు ఉత్తరం కూడా పంపిందనుకున్నాను. లోపల రికార్డుతో సహా అట్ట పట్టుకుని, పందిరి వేస్తున్న చోటికి పరుగెత్తి, అందరి ముందూ అడిగాను.

“ఎవుత్తిరా ఇది?”

“అది మొగోడే అక్కా!”

“మూతికి రంగేసుకున్నోడు మొగోడేటిరా!”

“ఓలమ్మో, మీసం ఏ జేబులో ఎట్టినాడో అడగండి!” అన్నాడు చిన్నాన్న. జనం విరగబడి నవ్వారు. నవ్వింది బొమ్మని చూసి కాదు, మగాణ్ణి ఆడదనుకున్న నన్ను చూసి. అది తట్టుకోలేక అట్ట వెనక్కి తిప్పాను. అయితే రాసింది కూడా వినండన్నాను. వేలు పెట్టి, ఆగి ఆగి, చదువు వచ్చిన మనిషిలా చదివాను: “బంగారు మావా, నువ్వు రాపోతే నాకు ముద్ద దిగట్లేదు.” ఒక్క అక్షరం నాకు తెలీదు. అక్కడికక్కడ పుట్టించాను. ఆ ఊపులోనే రికార్డుని మోకాలికేసి విరిచాను, అట్ట చింపాను.

తమ్ముడు నా కళ్ళలోకి చూశాడు. మా అక్కకి చదువు రాదని ఒక్క మాట అంటే చాలు, తను బయటపడేవాడు. అనలేదు. వంగి అట్ట ముక్కలు ఏరుకున్నాడు. సాయంత్రం వేదిక ఎక్కగానే వెనకనుంచి ఎవరో “బంగారు మావా!” అని కేకేశారు. దిగిపోయాడు. అంతే, మళ్ళీ ఏ రోజూ నోరు తెరిచి పాడలేదు.

పాట మాత్రం చావలేదు. తళుకుల వాళ్ళ మోజు రెండు మూడేళ్ళలో తీరిపోయింది, రికార్డులు పోయి కేసెట్లు వచ్చాయి, అవీ పోయాయి. ఆ డోళ్ళు మాత్రం టైర్ల ప్రకటనలోనో, ఫుట్‌బాల్ ఆటలోనో, పెళ్ళి హాల్లోనో మోగుతూనే ఉన్నాయి. మోగినప్పుడల్లా మా వాళ్ళు అక్క మగాణ్ణి ఆడదనుకున్న కథ చెప్పుకుని నవ్వేవారు, వాళ్ళతో నేనూ నవ్వేదాన్ని. బొమ్మ చూసి మోసపోవడం పొరపాటు. ఉత్తరం చదవడం పొరపాటు కాదు, అబద్ధం.

ఆ ఆదివారం నిజంగా చదివాను. ఇంగ్లీషు పాటని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. నడుమ నడుమ ‘ఇక్కడ కాలు’, ‘ఇక్కడ చప్పట్లు’ అని. అడుగున, పని మరచిపోకుండా రాసుకున్నట్టు, ‘అక్కకి ముందు వరసలో చాప వెయ్యాలి’ అని ఉంది.

ఆనాడు నాకు చదవడం రాదని ఇంట్లోవాళ్ళందరి ముందే చెప్పేశాను.

“నాకు తెల్దా ఏటక్కా” అన్నాడు తమ్ముడు. “టీ సల్లారిపోతంది, తాగు.”

ఇప్పుడు మగపిల్లలు మొహానికి రంగేసుకుంటే ఎవరూ తిరిగి చూడరు. పాట కావాలంటే కిరాణీగారి మెట్లెక్కక్కర్లేదు. కాని తమ్ముడు ఏ అక్షరాల్లో ఆ పాట రాసుకున్నాడో, ఆ అక్షరాలు అతని ఇంట్లో ఇంకెవరికీ రావు. నాకు వచ్చేసరికి అతని గొంతు అరిగిపోయింది.

ఇంట్లో నలుగురి ముందు ఒప్పుకుంటే సరిపోదు. అబద్ధం విన్నవాళ్ళకే నిజం చెప్పాలి. వాళ్ళలో చాలామంది లేరు, ఉన్నవాళ్ళకైనా, పోయినవాళ్ళ పిల్లలకైనా, ఇది చదువుతున్న మీలో ఎవరో ఒకరు దీన్ని ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి. ఆ ఉగాది పొద్దున్న పందిరి దగ్గర ఉన్నది మా అమ్మ, చిన్నాన్న, పిన్ని, కిరాణీగారు, ఆయన భార్య, పండక్కి వచ్చిన బావ, డబ్బాలు కొట్టే ముగ్గురు స్నేహితులు, నా ఎదురుగా నా తమ్ముడు.