బెత్తం గుర్తు గౌరయ్య సారు

గౌరయ్య సారు తన సర్వీసు మొత్తంలో ఎవరికీ ఊరికే ఒక్క మార్కు వేసిన పాపాన పోలేదు. షామీర్‌పేట మండలంలోని ఒక సర్కారు హైస్కూల్లో లెక్కల మాస్టారు ఆయన. ఆయన దగ్గర చదివిన పిల్లలకు ఎక్కాలు వచ్చాయో లేదో గానీ, ఒక్క మాట మాత్రం ఎముకల్లోకి ఇంకిపోయింది. "జవాబు ఎవడన్న తెస్తడు. పద్ధతి ఉండాలె."

ఆ పద్ధతికి బలైన వాళ్లలో ఆసిం ఒకడు. ఎనభై ఎనిమిదిలో ఎనిమిదో తరగతి. వడ్డీ లెక్కను వేళ్లమీద కూడా కాకుండా నోట్లోనే చేసి, జవాబు ఒక్కటే రాసి ఇచ్చాడు. సారు సున్నా పెట్టాడు. వాళ్ల నాయన సత్తార్ దేవరయాంజాల్లో తరకారి పండించేవాడు. మార్కెట్టు మానుకొని కాగితం పట్టుకొని బడికి వచ్చాడు.

"సార్, జవాబు సహీ ఉంది గదా?"

"జవాబు సరైందే. పద్ధతి తప్పింది," అన్నాడు సారు, కాగితం వైపు చూడకుండానే.

పిల్లలతోనే సరిపెట్టి ఉంటే బాగుండేది. కొత్తగా వచ్చిన టీచర్లకూ ఆయనే గురువు. నోటుబుక్కులు ఎట్లా దిద్దాలో కూర్చోబెట్టి చెప్పేవాడు. "టిక్కు పెట్టంగనే అయిపోదు. కింద సంతకం, తేదీ ఉండాలె. లేకుంటే దిద్దింది నువ్వో, నీ పక్కింటోడో ఎట్ల తెలుస్తది?" స్టాఫు రూములో మొదట అందరూ గొణిగారు. తర్వాత చేతులు వాటంతట అవే అలవాటుపడ్డాయి. హిందీ చెప్పే స్రవంతి టీచరు ఒకసారి కిరాణా చిట్టీ మీద సామాన్లకు టిక్కు పెట్టి, కింద సంతకం చేసి తేదీ కూడా వేసింది. దుకాణమాయన ఆ చిట్టీని చాలా రోజులు అందరికీ చూపించి నవ్వాడు.

ఇట్లాంటి మనిషికి ఎన్నికల పురుగు ఎక్కడ కుట్టిందంటే, రెండువేల మూడు సెప్టెంబరు అయిదున, బడి వేదిక మీద. ఆ పూట గురుపూజకు ఒక పెద్ద నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, గురువుల గొప్పతనం రెండు ముక్కల్లో తేల్చేసి, తన గొప్పతనంలోకి దిగాడు. "ఆరు ఊర్లకు, ఊరికి అయిదు చొప్పున, మొత్తం నలబై బోర్లు ఏయించిన!" అన్నాడు. గౌరయ్య సారు లేచి నిలబడ్డాడు. "ముప్పై," అన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాయకుడు పూలదండ సర్దుకొని, "ముప్పై అయినా, నలబై అయినా నీళ్లు నీళ్లే గద సారూ," అని నవ్వాడు.

చప్పట్లు కొట్టింది ఎనిమిదో తరగతి పిల్లలు. వాళ్లకు ఓటు లేదు. ఈ చిన్న సంగతి లెక్కల సారుకు తట్టలేదు.

ఆ వారమంతా ఇంట్లో కాగితాలు నింపాడు. ఇరవై ఏళ్ల హాజరు పట్టీలు, ఏడాదికి ఇంతమంది పిల్లలు, ఇంటికి నాలుగు ఓట్లు. గుణించి కింద రెండు గీతలు కొట్టాడు. భార్య దుర్గాబాయికి చూపించాడు. ఊరంతా సారు అంటే ఆమె కూడా సారు అనే పిలిచేది, కొంచెం ఎత్తిపొడుపుగా.

"కూట్ల రాయి తియ్యనోడు ఏట్ల రాయి తీస్తడా సారూ? ఇంట్ల నల్లా కారవట్టి ఆర్నెల్లాయె."

"నా శిష్యులున్నరు దుర్గా."

"శిష్యుల ముచ్చట పక్కకువెట్టు. గెలుసుడు సుత పక్కకువెట్టు. మీ స్టాఫు రూముల ఒక్కడన్న నీకు ఏస్తడా? గది జెప్పు."

గౌరయ్య సారు వేళ్లమీద స్టాఫును లెక్కపెట్టాడు. పద్నాలుగు మందితో ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చొని టిఫిను డబ్బాలు విప్పాడు. ఎవడి నోటుబుక్కులో తప్పు దొరికితే వాడిని అందరిముందే నిలబెట్టాడు. ఒక్కడైనా వేస్తాడా? ఈ ప్రశ్నకు పద్ధతి లేదు, జవాబూ తెలియదు. ఆ రోజు నుంచి అసెంబ్లీ సీటు సంగతి ఎట్లున్నా, ఆయనను వెంటాడింది మాత్రం ఈ ఒక్క ప్రశ్నే.

పోటీ చేయాలంటే సర్కారు కొలువు వదలాలి. ఒక ఇంక్రిమెంటు మంజూరు కావడానికి మూడేళ్లు తిప్పించుకున్న ఆఫీసులో రాజీనామా మూడు రోజుల్లో మంజూరైంది. హెడ్మాస్టరు జానకిరామయ్య శాలువా కప్పి, గుండెమీద చెయ్యి పెట్టుకొని, "నా ఓటు నీకే గౌరయ్యా, రాసి పెట్టుకో," అన్నాడు. మిగిలిన వాళ్లూ అదే మాట అన్నారు. ఓటు అడిగితే ఇవ్వనన్నవాడు ఈ భూమ్మీద ఎవడున్నాడు గనక? సారు ఎవరినీ నమ్మలేదు.

గుర్తు దగ్గరే శని మొదలైంది. స్వతంత్రులకు ఇచ్చే గుర్తుల్లో ఆయన పలక అడిగాడు. లాటరీలో అది ఎవడో పాల వ్యాపారికి పోయింది. వాడికి సంతకం కూడా రాదు. సారుకు చేతికర్ర వచ్చింది. పోస్టరు గోడకెక్కగానే మండలమంతా దానికి బెత్తం గుర్తు అని పేరు పెట్టింది. ఇరవై ఏళ్లు ఆ బెత్తం చేతిలో పట్టుకొని తిరిగిన మనిషి, అది తనదేనని ఫోటో వేసి మరీ చాటుకున్నట్టయింది.

ప్రచారానికి ఆయనకు జీపులు లేవు, బిర్యానీ పొట్లాలు లేవు. పాత స్కూటరు, దాని ముందు హాజరు పట్టీలు. తుర్కపల్లిలో పొద్దున్నే కంపెనీ బండ్ల కోసం నిలబడ్డ వాళ్లను ఆపి, ఏ సంవత్సరం బ్యాచి అని అడిగేవాడు. ఊర్లలో ఇంటిముందు బండి ఆపి పట్టీ తెరిచి పేరు పిలిచేవాడు. దేవరయాంజాల్లో ఒక గుమ్మం ముందు అట్లాగే పిలిచాడు.

"రోల్ నంబర్ పదిహేడు. ఎల్లేష్."

లోపలినుంచి ముప్పై ఏళ్ల మనిషి లుంగీ కట్టుకుంటూ వచ్చాడు. సారును చూడగానే రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. "ఉన్న సార్," అన్నాడు నేల చూస్తూ.

వాడి తల్లి సాలమ్మ అరుగుమీద బియ్యం చెరుగుతోంది. "సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఓటెయ్యకుంటే గొడతవా, ఏస్తే సుత గొడతవా?"

"నేనెందుకు కొడత సాలమ్మా? మీ పిలగాండ్ల బాగు కోసమే గద నిలవడ్డ."

"అప్పుడు సుత గదే అన్నవ్," అంది సాలమ్మ, చేట దులుపుతూ.

సారు పట్టీలో పదిహేడో నంబరు ముందు టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, తేదీ వేసి ముందుకు పోయాడు. ఓటు ఖాయమైనట్టే లెక్క వేసుకున్నాడు మహానుభావుడు.

టీచర్లంతా ఎన్నికల డ్యూటీకి పోతారు కాబట్టి వాళ్ల ఓటు పోస్టల్ బ్యాలెట్టు. మెషీన్లు వచ్చినా వీళ్లకు మాత్రం కాగితమే. అంతకుముందు ప్రతి ఎన్నికకూ నియమాల పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఆ కాగితం ఎట్లా నింపాలో స్టాఫు రూములో చెప్పింది గౌరయ్య సారే. ఈసారి ఆయన అభ్యర్థి. శిక్షణ జరిగే గది గడప తొక్కనివ్వలేదు. నియమాలు చదివే రెండో మనిషి ఆ బడిలో లేడు.

లెక్కింపు రోజు ఏజెంటును పెట్టుకునే దిక్కు లేక తనకు తానే వెళ్లి కూర్చున్నాడు. ముందు పోస్టల్ ఓట్లు. ఆ బల్ల దగ్గర కూర్చున్న అధికారి లేచి నమస్కారం పెట్టాడు.

"బాగున్నరా సార్? నేను ఆసింను. ఎయిటీ ఎయిట్ బ్యాచి."

పరీక్షలు రాసి డిప్యూటీ తహసీల్దారు అయ్యాడు ఆసిం. సారుకు సంతోషమే కలిగింది. సున్నా సంగతి ఆయనకు గుర్తులేదు. సున్నాలు వేసిన వాళ్లకు అవి గుర్తుండవు.

కవర్లు విప్పుతున్నారు. పెద్ద పార్టీకి ఒకటి, ఇంకో పెద్ద పార్టీకి రెండు. వేరే బడుల వాళ్లవి కాబోలు. తర్వాత ఒక కాగితం మీద చేతికర్ర పక్కన నిండుగా టిక్కు. సారు కుర్చీ అంచుకు జరిగాడు. ఆసిం ఆ కాగితం కట్టలో వేయకుండా పక్కన పెట్టాడు. కొంచెంసేపటికి ఇంకొకటి వచ్చింది. అదీ పక్కనే. అట్లా అక్కడొకటి ఇక్కడొకటి వస్తూ వస్తూ పదమూడు అయ్యాయి.

"పక్కకు ఎందుకు పెడుతున్నవ్ ఆసిం?"

ఆసిం కాగితాలు ఆయనవైపు తిప్పాడు. ప్రతి టిక్కు కిందా సంతకం. సంతకం కింద తేదీ. స్రవంతి టీచరుది, చివర తోక తిప్పినది. డ్రాయింగు లింగస్వామిది, కొంగ మెడలాగా. ఉర్దూ చెప్పే అనం మేడమ్‌ది, చుక్కలు వదలకుండా. తాను ఏనాడో అందరిముందు తిట్టిన సైన్సు మాస్టారు రాజారావుది కూడా. పదమూడు చేతులు, పదమూడూ తనకు తెలిసినవి. గౌరయ్య సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. వేశారు. వీళ్లంతా వేశారు.

"ఓటేసినోడు ఎవడో ఎరుకయ్యేటట్టు ఏ గుర్తున్నా చెల్లదు సార్," అన్నాడు ఆసిం మెల్లగా.

"నియమం నాకు సుత ఎరుకే. గానీ టిక్కు నా గుర్తు పక్కనే ఉన్నది గద. ఎవరికేసిన్రో గుడ్డోనికి సుత ఎరుకైతది."

ఆసిం మళ్లీ లేచి నిలబడ్డాడు. ఎగతాళి లేదు, కసి లేదు. పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు.

"జవాబు సరైందే సార్. పద్ధతి తప్పింది."

సారుకు అప్పుడు గుర్తొచ్చింది. సత్తార్ చేతిలోని కాగితం, దానిమీద తన ఎర్ర సున్నా.

పద్నాలుగోది ఆఖర్న వచ్చింది. సంతకం, తేదీ తప్పకుండా ఉన్నాయి, అదీ పచ్చ సిరాతో. బడి మొత్తానికి పచ్చ సిరాతో సంతకం పెట్టే హక్కు ఉన్నది హెడ్మాస్టరు ఒక్కడికే. టిక్కు మాత్రం నలబై బోర్ల నాయకుడి పక్కన ఉంది. అదీ చెల్లలేదు. గౌరయ్యను చూసి నేర్చుకున్న పద్ధతి జానకిరామయ్యనూ వదల్లేదు.

మెషీన్లలో సారుకు మొత్తం ఆరువందల పన్నెండు వచ్చాయి. ఈల గుర్తువాడికి అంతకంటే ఎక్కువ వచ్చాయి. వాడు ప్రచారానికే రాలేదు. నలబై బోర్ల నాయకుడు గెలిచి ఊరేగింపుగా పోతుంటే, ఆ బాజాల పక్కనుంచి స్కూటరు తోసుకుంటూ సారు ఇంటికి చేరాడు.

దుర్గాబాయి మంచినీళ్లు ఇచ్చింది. ఓడిపోయిన సంగతి ఆమెకు ముందే తెలిసింది. అది అడగలేదు.

"నేనడిగిన దానికి జవాబు దొరికిందా సారూ? ఒక్కడన్న ఏసిండా?"

"పదమూడు మంది ఏసిన్రు," అన్నాడు సారు. ఒక్కొక్కరి పేరు, సంతకం పెట్టిన తేదీతో సహా చెప్పాడు. వింటున్న దుర్గాబాయికి మనసు కరిగింది. ఈ మొండి మనిషికి ఇంతమంది ఉన్నారా అనుకుంది.

"మరి ఆ పదమూడిట్ల లెక్కకు ఎన్ని పడ్డయ్?"

"సున్న."

"అదేం అన్యాయం? ఏసిన్రంటివి గద!"

గౌరయ్య సారు గ్లాసు కింద పెట్టాడు.

"అన్యాయం ఏం లేదు దుర్గా. నేను దిద్దినా సున్ననే పెడుదు."