పూజలో పెట్టిన పానాలు

మా మరిది మునుస్వామికి దేవుడు చెవులిచ్చి నోరివ్వడం మరిచిపోయాడు. ఈ మాట వాడి ముఖం మీదే చాలాసార్లు అన్నాను. నవ్వేవాడే తప్ప బదులు చెప్పేవాడు కాదు. నవ్వుతాలుకు అన్న మాట నిజమై కూర్చుంటుందని నాకేం తెలుసు!

తట్టాంచావడిలో వాడికి రేకుల షెడ్డు ఉండేది. పుదుచ్చేరిలో ఏ కారు మొరాయించినా చివరికి అక్కడికే చేరేది. జనం ముందు ఇంకెక్కడో ప్లగ్గులు మార్పించి, పాయింట్లు గీకించి, ఫిల్టరు కడిగించి, చేతులు కాల్చుకున్నాక మావాడి దగ్గరికి వచ్చేవాళ్ళు. వాడు బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఇంజను మాట్లాడేదంతా వినేవాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల పాట విన్నట్టు వింటావేందిరా అని ఎగతాళి చేసేదాన్ని. విన్నాక సరిగ్గా ఒక్కచోటే చెయ్యి పెట్టేవాడు.

ఆ చేతికి చూపుడువేలి కొస లేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక ఆయుధపూజనాడు, గురువు చూడకుండా పూజలోంచి పానా తీసి లారీకి పని చేయబోతే, ఫ్యాను రెక్క ఆ కొసను తీసుకుపోయింది. గురువు జాలిపడలేదు సరికదా, "ఏడాదికి ఒక్కరోజు ఇనుముకు విశ్రాంతి ఇవ్వనోడికి ఇనుమే బుద్ధి చెప్తుంది" అన్నాడట. అప్పట్నుంచి మావాడికి ఆ నియమం రక్తంలో కలిసిపోయింది. పూజకు ముందురోజు పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు కిరసనాయిలుతో కడిగి తుడిచి, అరిటాకు మీద వరసగా పేర్చి, గంధం కుంకుమ పెట్టేవాడు. పూజ మరునాడు, విజయదశమి పొద్దున మళ్ళీ హారతిచ్చి ఎత్తేదాకా వాటిని ఎవరూ తాకకూడదు. తట్టాంచావడిలో అన్ని షెడ్లలోనూ అదే పద్ధతి, కానీ మావాడి పట్టుదల వేరు.

వాడికి ఒక్కడే స్నేహితుడు, చిన్నదురై. కురుచికుప్పం అనే పేట వాడు. ఇంట్లో మన తెలుగే మాట్లాడే కుటుంబం. ఇద్దరూ ఒకే షెడ్డులో చేరితే, ఒకడు ఇంజను కింద దూరాడు, ఇంకొకడు స్టీరింగు పట్టుకున్నాడు. చిన్నదురై బజారులో ఒక బట్టల కొట్టు యజమాని, మొదలాళి అనేవాళ్ళు, ఆయన దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. వాడి పక్కన కూర్చుంటే ఒళ్ళో ఉన్న పాల గిన్నె తొణికేది కాదు. కుప్పం మొత్తంలో డ్రైవర్ అంటే వాడే. ఆ పేరంటే వాడికి ప్రాణం.

డెబ్బై ఏడులో ఆ అంబాసిడర్‌కి ఒక జబ్బు పట్టుకుంది. నిలకడగా పోతున్నంతసేపూ బాగానే పోయేది. వేగం కోసం గట్టిగా తొక్కితే మాత్రం, ఏడ్చే పసిపిల్ల గుక్కపట్టినట్టు ఒక్క క్షణం ఆగిపోయి, ఆ తర్వాత ఎగిరి దూకేది. మొదలాళి చవకగా పోతుందని ఎవరెవరికో చూపించాడు. చివరికి ఆయుధపూజనాడు సాయంత్రం, షెడ్డులో గుమ్మడికాయ కొట్టి, బొరుగులు శనగలు పంచిపెట్టాక చిన్నదురై బండి తెచ్చాడు. నేను పూజకని పోయి అక్కడే ఉన్నాను.

"ఒరే మునుసామీ, తొక్కితే గుక్క పడతా ఉండాది రా. ఏందో చూడు."

మావాడు బానెట్ ఎత్తి, చేత్తో తిప్పే నట్టు విప్పి, గాలి ఫిల్టరు డబ్బా పక్కన పెట్టాడు. కార్బొరేటర్ గొంతులోకి తొంగి చూస్తూ యాక్సిలరేటర్ కడ్డీని వేలితో నొక్కాడు. నొక్కినప్పుడల్లా లోపల సన్నటి దారంలాగా పెట్రోలు చిమ్మాలి. ఒక్క చుక్క కూడా రాలేదు.

"పరిగెత్తేవాడికి ముందు ఒక గుక్క నీళ్ళు కావాలిగదా, బండికీ అట్లనే," అన్నాడు నాకేసి చూసి. "ఆ గుక్క ఇచ్చే చిన్న పంపు ఉండాది వదినా. దాని రబ్బరు పొర చినిగిపోయింది. కొత్తది సొరుగులోనే ఉండాది."

"అయితే మార్చి పంపు," అన్నాడు చిన్నదురై.

మావాడు అరిటాకు మీది పానాల వంక చూశాడు. "రేపు పొద్దన రా. హారతి అయినంక మొదట నీ బండే."

"మొదలాళి పెండ్లాం బిడ్డలు విల్లుపురం స్టేషన్లో దిగతా ఉండారు. నేను పోకుంటే ఎట్లరా? ఒక్క స్క్రూడ్రైవర్ తియ్యి. సామి ఏమనుకోడు."

మునుస్వామి కొస లేని వేలు చూపించాడు. చిన్నదురై పకపకా నవ్వాడు.

"సరి సరి. ఉండే వేళ్ళన్నా దక్కించుకో."

"చోక్ కొంచెం లాగి పెట్టుకో. నిదానంగా పో. యాడా ఓవర్‌టేక్ చెయ్యొద్దు," అని మావాడు బండి వెనక రోడ్డుదాకా నడిచాడు. నియమం తప్పనందుకు నేను లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా.

విల్లుపురం దారిలో విల్లియనూరు దాటాక ముందర ఒక బస్సు ఆగుతూ పోతూ విసిగించింది. రైలు టైము దగ్గరపడింది. చిన్నదురై పక్కకు తీసి తొక్కాడు. బండి సరిగ్గా బస్సు పక్కకు వచ్చేసరికి గుక్కపట్టింది. ఎదురుగా లారీ.

ప్రాణం దక్కింది, ఎడమకాలు మోకాలి కింద పోయింది. మూడోరోజు మునుస్వామి ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం పక్కన మొదలాళి, పోలీసాయన నిలబడి ఉన్నారు. ఎట్లా జరిగిందని అడుగుతున్నారు. చిన్నదురై మావాడి ముఖం ఒకసారి చూసి, వాళ్ళవైపు తిరిగి, "కన్ను మూసుకుపోయింది సార్. నిద్ర," అన్నాడు. మొదలాళి అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

బండి మావాడి షెడ్డుకే వచ్చింది. కార్బొరేటర్ విప్పితే ఆ పొర రెండు ముక్కలై వేళ్ళకు అంటుకుందట. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని వాడు నాకు ఇదంతా చెప్పాడు. బండి సంగతి తెలిసీ పంపించాడంటే ఊరు మావాడి మీద పడుతుందని, షెడ్డు మూతపడుతుందని, చిన్నదురై తప్పు తన నెత్తిన వేసుకున్నాడు.

"అయితే పోయి నిజం చెప్పరా. కాలు ఎట్లాగూ రాదు, పేరన్నా మిగుల్తుంది," అన్నాను.

"రేపు పొద్దన చెప్తా వదినా."

ఆ రేపు రాలేదు. మంచివాడే, పిరికివాడు. నా చేతి అన్నం తిన్నవాడు కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. కురుచికుప్పంలో చిన్నదురైకి బీడీలు, సోడాలు అమ్మే బంకు పెట్టించాడు. దానికి తన చేతులతోనే రేకులు కొట్టాడు. పండగ వస్తే ఆ ఇంటికి బట్టలు తీసుకుపోయాడు. ఇవ్వాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ ఇచ్చాడు. తర్వాత ప్రతి ఆయుధపూజకీ ఒక స్క్రూడ్రైవర్‌ను పూజలో పెట్టకుండా చొక్కా జేబులో ఉంచుకునేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

కుప్పంలో చిన్నదురైకి తూంగుమూంజి అని పేరు పడింది. తమిళంలో నిద్రమొహం వాడని. సోడాకు వచ్చిన కుర్రకారు కూడా, "ఏం తూంగుమూంజీ, మేలుకున్నావా?" అనేవాళ్ళు. వాడు నవ్వి సోడా కొట్టి ఇచ్చేవాడు. పాల గిన్నె తొణకకుండా నడిపిన మనిషి!

వీళ్ళందరికంటే వాడి పెళ్ళాం తిలగం నోరు ఎక్కువ. మొగుణ్ణి చంకకర్రతో షెడ్డుకు తీసుకొచ్చినప్పుడల్లా, సరిగ్గా మునుస్వామి ముందర నిలబడి తిట్లు ఎత్తుకునేది. "చూడన్నా ఈయప్పని. స్టీరింగు పట్టుకుని నిద్రపోయినోడు లోకంలో ఎవడన్నా ఉంటాడా?" మావాడు తల వంచుకుని చేతిలో ఉన్నదేదో తుడుస్తూ ఉండేవాడు. చిన్నదురై మాత్రం మావాడి వంకే చూస్తూ టీ తాగేవాడు. ఈ ఆడదానికి ఇంత పొగరేంది, కాలు పోయినవాణ్ణి నలుగురిలో ఇట్లా దులుపుతుందేంది అని నేను ఆమెను తిట్టుకునేదాన్ని.

ఎనభై ఐదులో కామెర్లు వచ్చి చిన్నదురై పోయాడు. కర్మలు అయిపోయాక మునుస్వామి నన్ను తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. గడప దగ్గరే నిలబడి, చేతులు కట్టుకుని, అంతా చెప్పేశాడు. పంపు, రబ్బరు పొర, అరిటాకు మీది పానాలు, ఆసుపత్రిలో తను నోరు తెరవకపోవడం. ఒక మనిషి అంతసేపు ఏడుస్తూ మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

తిలగం అంతా విన్నది.

"తెలుసన్నా," అన్నది. "ఆయప్ప బండెక్కితే కన్ను మూసినోడు కాదు, నాకు తెలీదా? నీ చెవిన పడాలనే నీ ముందర నిలబడి తిడతా ఉంటిని. 'అట్లా అనొద్దు తిలగం' అని ఒక్కనాడన్నా అంటావని. ఇంటికొచ్చి ఆయప్పని అడిగితే, 'వాడు చెప్తాడులే, ఉండు' అనేవాడు. పోయేనాడు కూడా అదే అన్నాడు."

ఇంజనులో వెంట్రుకవాసి తేడా పట్టే చెవులకు, ఎనిమిదేళ్ళు ఎదురుగా నిలబడి అరిచిన మనిషి గొంతు వినపడలేదు. నాకు మాత్రం వినపడిందా!

ఆమె లోపలికి వెళ్ళి బంకు తాళంచెవి తెచ్చింది. "నేను పుట్టింటికి పోతుండా. ఇది నువ్వు పెట్టించిందే గదా, తీసుకో," అన్నది.

వాడు చెయ్యి చాపలేదు. ఆమె తాళంచెవిని గడప మీద పెట్టి తలుపు మూసుకుంది.