గడ్డిలో తగ్గిన రసాలు

మాది ఆగిరిపల్లి. మావారు రిటైరైన సైన్సు మాస్టారు. కార్బైడు పెట్టి పండించిన మామిడిపళ్లు తింటే మెదడు దెబ్బతింటుందని వీధిలో అందరికీ పాఠం చెబుతారు. మా ఇంటికి మాత్రం తోట నుంచి రసాల మామిడికాయలు తెచ్చి, మంచం కింద వరిగడ్డిలో మాగేస్తారు. నాకు షుగరు కాబట్టి వారానికి ఒక్క పండే.

మొన్న వేసవిలో ఒకరోజు ఉన్నట్టుండి, "నూజివీడు వెళ్దాం పద, డాక్టరుకి చూపించుకోవాలి" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

డాక్టరుగారి ముందు ఆయన వేళ్లు మడిచి లెక్క చెప్పారు. "గడ్డిలో ముప్పై రసాలు పెట్టానండి. మర్నాడు చూస్తే ఇరవై ఎనిమిదే ఉన్నాయి. నిన్న ఇరవై ఐదు. ఎన్ని పెట్టానో గుర్తుండట్లేదు. ఊరి చుట్టూ తోటల్లో కొట్టే మందులు ఇన్నేళ్లు పీల్చాను కదండీ."

డాక్టరుగారు తలకి స్కానింగు రాస్తుంటే నేను ఆపాను.

"ఆయన మెదడు బాగానే ఉందండి. ఆయన వాకింగుకి వెళ్లినప్పుడు నేనే తింటున్నాను" అన్నాను తలదించుకుని.

డాక్టరుగారు చీటీలో మావారి పేరు కొట్టేసి నా పేరు రాశారు. స్కానింగు కొట్టేసి షుగరు పరీక్ష రాశారు.

ఆయన భయం కళ్లారా చూశాక దొంగతనం మానేశాను. మావారి పాఠంలో మాత్రం ఒక మాట పెరిగింది. "గడ్డిలో మాగేసినవీ మతి పోగొడతాయండీ. ముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి."