మిగతా సగం పాఠం

పిల్లను బడికి పంపితే సరిపోదు, బడి ఇంట్లోకి రావాలి. నాకిది ఏ సభా నేర్పలేదు. మణుగూరు దాటాక ఒక అడవిపల్లెలో పంతులుగా ఉన్నప్పుడు మా పక్కింటి తల్లి నేర్పింది. ఆమెకు చదువు రాదు. అయినా రోజూ పొద్దుగూకగానే కూతుర్ని అడిగేది: "ఇయ్యాల ఏం నేర్చినవ్ బిడ్డా?"

ఇప్పపూలు రాలే కాలంలో పిల్లలంతా తెల్లవారకముందే అడవికి పోయేవారు. "రేపు మన పిల్ల గూడ పూలేరాలె. బడి యాడికి పోతది?" అంది ఆమె అత్త ఒక సాయంత్రం.

తల్లి మాత్రం కూతుర్ని ఎప్పటి ప్రశ్నే అడిగింది. చందమామ ఎందుకు తరుగుతాడో పిల్ల చెప్తుంటే ముసలమ్మ పొయ్యి వదిలి దగ్గరకు జరిగింది. అంతలో పిల్ల ఆపేసింది.

"సారు సగమే చెప్పిండు. మిగతాది రేపంట."

"రేపు ఇది పూలకొస్తే మిగతాది నీకెవరు చెప్తరత్తా?" అందామె.

మర్నాడు ముసలమ్మ ఒక్కతే గంపెత్తుకుని అడవికి వెళ్లింది.