ప్రార్థనలో పాడటం మానేసిన టోబీ

1990 జనవరి, అంటే ఆస్ట్రేలియాలో నడివేసవి. మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలో నేను పశువైద్యురాలిగా పనిచేసే క్లినిక్‌కి ఫ్యాన్లే దిక్కు. వడగాలికి రోడ్డు మీద నరమానవుడు లేని ఆ మధ్యాహ్నం, సరోజినీ ఆంటీ తన ముసలి లాబ్రడార్ టోబీని నడిపించుకుంటూ వచ్చింది. ఆంటీది భీమవరం దగ్గర. మా తెలుగు క్రైస్తవ కుటుంబాల కూడికల్లో పాటలన్నీ ఆవిడే ఎత్తుకుంటుంది.

"రొప్పుతున్నాడమ్మా. ఏజ్ అయిపోయింది, పైగా ఈ హీట్ ఒకటి. ఏదైనా టానిక్ ఇచ్చెయ్, ఈవెనింగ్ బార్బెక్యూ పార్టీకి వెళ్ళాలి" అంటూ కుర్చీలో కూలబడింది.

ఎండలో కుక్క రొప్పడం వింతేమీ కాదు. వాటికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టే వేడి తగ్గించుకుంటాయి. నీడన కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది. టోబీకి ఫ్యాను కింద పడుకున్నా సర్దుకోలేదు. పైగా గాలి పీల్చినప్పుడల్లా గరగరమని చప్పుడు. గుండె చప్పుడు విన్నాను, బాగానే ఉంది.

"ఇంట్లో ఏమైనా తేడాగా ఉంటున్నాడా ఆంటీ?"

"తేడానా! బంగారం అయిపోయాడు. ఇదివరకు ఫ్యామిలీ ప్రేయర్‌లో నేను పాట ఎత్తుకుంటే చాలు, వీడూ మోరెత్తి ఊళ పెట్టేవాడు. అంకుల్‌కి ఒకటే నవ్వు. క్రిస్మస్ ముందు నుంచీ నోరెత్తితే ఒట్టు. కుక్కకి కూడా భక్తి కుదిరిందని కూడికలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాను!"

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒక అనుమానం తట్టింది. "మరి మొరుగుతున్నాడా?"

ఆంటీ ఆలోచించింది. "పోస్ట్‌మ్యాన్ వస్తే ఏదో దగ్గినట్టు అంటాడు. గొంతు బొంగురుపోయిందనుకున్నా."

దొరికింది! లారింజియల్ పరాలసిస్. గొంతులో గాలిదారికి రెండు చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. వయసు మళ్ళిన లాబ్రడార్లలో ఒక్కోసారి నరం చచ్చుబడి అవి తెరుచుకోవు. అరుపు మారడం తొలి గుర్తు. పుస్తకంలో చదవడమే గాని కళ్ళారా చూడటం అదే మొదలు. ఆంటీకి చెప్పబోయేంతలో టోబీ లేవబోయి పడిపోయాడు. నాలుక నీలంగా మారుతోంది.

"కారెన్, ట్యూబ్!" అని అరిచాను. మా నర్సు పరుగున వచ్చింది. మత్తు సూది వేసి, నోట్లో లైటు పెట్టి చూస్తే తలుపుల మధ్య సన్నని సందు. అందులోంచే ఊపిరి గొట్టం దూర్చి ఆక్సిజన్ పెట్టాం. ఒంటి మీద తడి తువ్వాళ్ళు పరిచాం. నాలుక మళ్ళీ గులాబీ రంగుకి వస్తుంటే నేనూ కారెనూ చిన్నపిల్లల్లా గంతులేశాం.

"టై బ్యాక్ అని ఆపరేషన్ ఉంది ఆంటీ. ఒక తలుపుని పక్కకి లాగి కుట్టేస్తారు. కానీ ఇక గట్టిగా మొరగలేడు, పాడలేడు."

ఆంటీ టోబీ చెవి నిమురుతూ ఏడ్చేసింది. "ఊపిరాడక మానేస్తే బుద్ధొచ్చిందని మురిసిపోయానమ్మా. వాడు బతికుంటే చాలు. పాట నేను పాడుకుంటా."

టోబీ ఆపరేషన్ తట్టుకున్నాడు.

చల్లని చోట కూడా మీ కుక్కకి రొప్పు ఆగకపోతే, పీల్చేటప్పుడు చప్పుడొస్తే, నాలుక గాని చిగుళ్ళు గాని పాలిపోయినా నీలంగా మారినా, వయసని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇక నా సంగతంటారా, ముసలి కుక్కని తెచ్చినవాళ్ళని ఏం తేడా చేసిందని అడిగి ఊరుకోను. ఈమధ్య ఏదైనా మంచి బుద్ధి వచ్చిందా అని కూడా అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. సోఫా ఎక్కడం మానేసిందనో, పిల్లుల వెంట పడటం లేదనో గర్వంగా చెబుతారు. నేను స్టెతస్కోప్ అందుకుంటాను.